క్యారియర్ లేని సైకిలు

మా ఖైరతాబాద్ ఫ్లాటు హాల్లో, టీవీకి ఎదురు గోడకు నా సైకిలు వేలాడుతూ ఉంటుంది. బైబిలు వాక్యం రాసిన క్యాలెండరు ఉండాల్సిన చోట సైకిలు తగిలించుకున్న సంఘస్థుడు ఈ ఊళ్ళో మా ఆయనొక్కడే అని నా భార్య సుగుణ వచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతుంది. ఫ్రేము కార్బన్, రెండు వేళ్ళతో పైకెత్తొచ్చు. గేర్లకు తీగ కూడా లేదు, బ్యాటరీతో మారతాయి. చక్రాలు రెండుసార్లు మార్చాను, సీటు నాలుగుసార్లు, పెడళ్ళ సంగతి సుగుణ ముందు ఎత్తను. మోకాళ్ళు మాత్రం పాతవే ఉన్నాయి. ఆదివారం తెల్లవారగానే హిమాయత్‌నగర్ నుంచి బయల్దేరే సైకిలు గుంపులో నేనే ముసలివాణ్ణి. కంప్యూటర్ కంపెనీల పిల్లలు "అంకుల్, మీ బండి అదిరింది" అంటారు. పొగిడేది బండిని, నన్ను కాదు. ఎత్తు మొదలవగానే ఒక్కొక్కరే నన్ను దాటిపోతారు, దాటేటప్పుడు మర్యాదగా చెయ్యి ఊపుతారు, ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండుతుంది. ఇరవై ఏళ్ళప్పుడు నాకు కాళ్ళున్నాయి, సైకిలు లేదు. ఇప్పుడు సైకిలుంది.

కిందటి నెల జీవరత్నం చిన్నాయనకు ఒంట్లో బాగోలేదని కబురొస్తే నాంపల్లికి ఈ సైకిలు మీదే వెళ్ళాను. ఆయన మాకు రక్తసంబంధం కాదు. మా నాన్నతో కలిసి గుడిలో, అంటే మా చర్చిలో, సంఘం పెద్దగా ఉన్నవాడు, నాన్న స్నేహితుల్లో మిగిలిన ఒకే ఒక్కడు. చూపు బాగానే ఉంది ఆయనకి. మంచం మీంచే, గుమ్మానికి ఆనించిన సైకిలును కాసేపు పరీక్షగా చూసి, "ఏం ప్రభాకరా, గిదానికి గూడ క్యారియర్ లేదా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నవ్వయ్యాక ఆయన చెప్పిన మాట విని ఇంటికొచ్చి సైకిలును గోడకు తగిలించాను, ఆ తరవాత మూడు వారాలు దించలేదు. ఆ మాటేమిటో చెప్పాలంటే ముందు ఆ పాత సైకిలు గురించీ, దాని క్యారియర్ గురించీ చెప్పాలి.

నాంపల్లి స్టేషను వెనక సందులో రెండు గదుల వాటా మాది. పొద్దున లేస్తే ముందు స్టేషను బొగ్గు వాసన, దాని వెనకే మూలమీది ఇరానీ హోటల్ నుంచి బిస్కెట్లు కాలుతున్న వాసన, ఆ తరవాత మా అమ్మ వెలిగించిన కిరోసిన్ స్టవ్వు వాసన, ఈ వరసలో వచ్చేవి. ఆ వరస తప్పితే ఆ రోజు ఏదో తేడా ఉన్నట్టే. అమ్మ, నేను మోకాళ్ళ మీద ఉంటే నాన్న కుర్చీలో కూర్చునే ప్రార్థన చేసేవాడు. చిన్నతనంలోనే ఎడమ కాలు చచ్చుబడి సన్నబడిపోయింది, మోకాలు వంచడం ఆయన వల్ల కాదు. ప్రార్థన మాత్రం ఎక్కడా కుంటేది కాదు. పాస్టరు అయ్యగారి కోసం, ఊళ్ళో దవాఖానల్లో ఉన్న రోగుల కోసం, నా లెక్కల పరీక్ష కోసం అయ్యాక, చివర్న ఎప్పుడూ ఒకే మాట. "ఈ దినపు ప్రయాణంలో మా చక్రాలను కూడా కాపాడుము తండ్రీ." నేను కళ్ళు మూసుకునే నవ్వు ఆపుకునేవాణ్ణి. దేవుడికి పంక్చర్లు వేసే పని కూడా అప్పగించాడనుకునేవాణ్ణి.

నాన్న ఆబిడ్స్‌లో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. సైకిలు ఆయన కొన్నదే, నల్లది, మగ సైకిలు, పెద్ద చైను కవరు, డైనమో లైటు, వెడల్పాటి క్యారియర్. కొన్నది ఆయన, తొక్కేది నేను. నాకు తొమ్మిదో తరగతి వచ్చినప్పటినుంచి రోజూ పొద్దున ఆయన్ను క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని ప్రెస్సులో దించి, అక్కడినుంచి చదువుకు పోవడం నా పని. తుండుగుడ్డను నాలుగు మడతలు పెట్టి క్యారియర్ మీద పరిచి, బాగోలేని కాలు ముందుకు చాపి, పక్కవాటుగా ఎక్కేవాడు. ఎడమకు తిరగాలంటే నా వీపు మీద ఎడమవైపు తట్టేవాడు, కుడికైతే కుడివైపు. ఏళ్ళ తరబడి పోతున్న దారే, అయినా తట్టాల్సిందే. దారిపొడుగునా దుకాణాల బోర్డులు చదువుతూ తప్పులు ఏరేవాడు. "అరే, ఇంకా మార్చలే చూడు" అని ఒక్కో బోర్డు మీదా రోజూ ఒకేలా బాధపడేవాడు. జేబులో ఎర్ర పెన్సిలు ఉండేది, అందితే బోర్డు మీదే దిద్దేవాడేమో. ఆదివారం గుడికి పోయేటప్పుడు ఒళ్ళో బైబిలు, పాటల పుస్తకం, చుట్టూ సిరా వాసన. ఆయన చొక్కా ఎంత ఉతికినా ఆ సిరా వాసన పోలేదు. నా వీపుకు ఆ వాసన తెలుసు.

ఆబిడ్స్‌లో ప్రెస్సుకు నాలుగు దుకాణాల అవతల ఒక సైకిళ్ళ షాపు అద్దంలోకి ఓ రోజు లేతాకుపచ్చ రేసు సైకిలు వచ్చి నిలబడింది. విదేశీ సరుకు. కిందికి వంగిన హ్యాండిలు, సన్నటి టైర్లు, ఎత్తైన ఇరుకు సీటు, పది గేర్లు. మడ్‌గార్డులు లేవు, స్టాండు లేదు, చైను కవరు లేదు, క్యారియర్ లేదు. ఒంటి మీద అక్కరలేనిది ఒక్కటీ లేకుండా ఒక వస్తువు ఉండగలదని నాకు అప్పుడే తెలిసింది. నాన్నను దించాక రోజూ ఆ అద్దం ముందు నిలబడేవాణ్ణి. అది మా ఇంటికి వచ్చేది కాదని తెలుసుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. దాంతో మా నల్ల సైకిలునే అలా చేద్దామని బుద్ధి పుట్టింది.

మా సందు మొదట్లో రహమత్ ఉస్తాద్ సైకిళ్ళు బాగుచేసేవాడు, కిరాయికి ఇచ్చేవాడు కూడా. రిమ్ము వంకర తీయడంలో నాంపల్లి మొత్తానికి ఆయన తరవాతే ఎవరైనా. సైకిలును తలకిందులుగా నిలబెట్టి, చక్రం తిప్పి, కళ్ళు మూసుకుని, చెవి పెట్టి వినేవాడు. ఏ పుల్ల బిగువు తప్పిందో వినికిడితోనే చెప్పేవాడు. నేను సాయంత్రాలు ఆయన దగ్గరే ఉండి నేర్చుకున్నాను. జుమ్మెరాత్ బజార్‌లో పాత ఇనుము కుప్పల్లో వెతికి వంపు హ్యాండిలు తెచ్చాను, ఒక వైపు కొద్దిగా వంగి ఉంటే ఉస్తాద్ కొలిమి దగ్గర సరిచేయించాడు. సన్నటి రిములు దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఐదు పళ్ళ చక్రాలున్న గేరు ఒకటి ఎవరో అమ్ముకుంటుంటే పట్టుకున్నాను. ఒక్కో సామాను ఎక్కినకొద్దీ ఒక్కోటి ఊడదీశాను. చైను కవరు పోయింది, డైనమో పోయింది, మడ్‌గార్డులు, స్టాండు పోయాయి. వాన నీళ్ళు ప్యాంటు మీద చిమ్మితే నాన్న తుండుగుడ్డతో తుడుచుకున్నాడు. ఇరుకు సీటు మీద నేను ముందుకు వంగి తొక్కుతుంటే ఆయనకు తట్టడానికి నా వీపు అందేది కాదు, నడుం మీద తట్టేవాడు. చివరికి క్యారియర్ మిగిలింది.

"క్యారియర్ దీస్తే మీ అబ్బా యాడ కూసుంటడు బేటా?" అన్నాడు ఉస్తాద్.

"రిక్షాల పోతడు తియ్యి."

"నేను తియ్య. పానా గాడుంది, నువ్వే దీస్కో."

నేనే తీశాను. నాలుగు నట్లు. ఎన్నో ఏళ్ళు నాన్న బరువు మోసి మోసి బిగుసుకుపోయాయి, ఒకటైతే నూనె పోసి నానబెడితే గానీ రాలేదు. ఆ సంగతి ఇప్పుడు రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది. అప్పుడు మాత్రం సైకిలు ఎత్తి చూసి, ఎంత తేలికైందో అని మురిసిపోయాను.

మర్నాడు పొద్దున నాన్న తుండుగుడ్డ మడత పెట్టుకుని బయటికొచ్చాడు. సైకిలు వెనక భాగం చూశాడు. చేతిలో తుండుగుడ్డను ఇంకో మడత పెట్టి భుజాన వేసుకుని, "మంచిగున్నది. నేను నడుస్త" అన్నాడు. రిక్షా ఎక్కలేదు. ఆ రోజనే కాదు, ఎప్పుడూ ఎక్కలేదు. నాంపల్లి నుంచి ఆబిడ్స్ మామూలు మనిషికి లెక్కలోకి రాని దూరం, ఆయన ఒక్కో కరెంటు స్తంభం దగ్గర ఆగి, తొడ మీద చెయ్యి ఆనించి, పోయేవాడు. అరగంట ముందు బయల్దేరడం మొదలుపెట్టాడు, దాంతో ప్రార్థన ముందుకు జరిగింది, అమ్మ స్టవ్వు ముందుకు జరిగింది. చక్రాలను కాపాడుమనే మాట ప్రార్థనలోంచి పోయింది. ఒకసారి ఆబిడ్స్ దగ్గర ఆయన స్తంభం పట్టుకుని నిలబడి ఉండటం దూరం నుంచి చూసి, నేను పక్క గల్లీలోకి హ్యాండిలు తిప్పేశాను. ఆయన చూశాడో లేదో తెలీదు. చూసే ఉంటాడు, బోర్డుల్లో అక్షరం తప్పు పట్టే కన్ను అది.

నాలాంటి సైకిలు పిచ్చివాళ్ళు ఊళ్ళో పదిహేను మంది దాకా పోగయ్యారు. బషీర్‌బాగ్ చౌరస్తా నుంచి పటాన్‌చెరు దాకా పోయి రావాలనీ, ముందొచ్చిన ఇద్దర్ని బొంబాయిలో జరిగే పెద్ద రేసుకు తీసుకుపోతామనీ ఒక పెద్దమనిషి ముందుకొచ్చాడు. ఆ ఇద్దరిలో నేనొకణ్ణి అవుతానని ఉస్తాద్ కూడా అన్నాడు, ఆయన ఊరికే అనే మనిషి కాదు. బొంబాయి పోతే తరవాత ఏమవుతుందో నేను ఆలోచించలేదు. నా జన్మలో నాకంటూ కావాలనుకున్నది అదొక్కటే. చిక్కేమిటంటే, రేసు పెట్టింది ఆదివారం.

"ఆ ఆదివారం కోత పండుగ" అన్నాడు నాన్న.

"ఏడాదికోసారి వస్తది గద నాయనా. ఈ ఒక్కసారి నేను రాకుంటే ఏమైతది?"

"ఏడాదికోసారి వస్తది గనకనే రావాలె."

అంతే. నాన్న గొంతు పెంచలేదు. నేనూ నా మాట మార్చలేదు.

మా కోత పండుగ సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. మా గుడిలో ఎవరికీ గుంటెడు పొలం లేదు, అందరూ గుమాస్తాలూ టీచర్లూ నర్సులూ. అయినా ఏడాదికోసారి ఎవరికి ఉన్నదాంట్లో మంచిది వాళ్ళు దేవునికి తెచ్చేవారు. కోళ్ళు, గుమ్మడికాయలు, కేకు, చేత్తో కుట్టిన దిండు గలీబు, వడ్రంగి చేసిన పీట. ముందు రోజు సాయంత్రమే అన్నీ గుడికి చేర్చి, ఆదివారం ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం వేసేవారు. పాట పెట్టేది జీవరత్నం చిన్నాయన. ఒకటోసారి, రెండోసారి అని నాన్చి నాన్చి, మూడోసారి అన్నప్పుడు మాత్రం గంట కొట్టినట్టు అనేవాడు. గెలిచినవాళ్ళు ఆ వస్తువును మళ్ళీ పాటకే ఇచ్చేయడం మామూలు, ఒక్కో గుమ్మడికాయ ఆరుసార్లు అమ్ముడుపోయేది. తమ కోడిని తామే పాడుకుని ఇంటికి తెచ్చుకునేవాళ్ళూ ఉండేవారు, దాన్ని ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఇవన్నీ నాకు పుట్టినప్పటినుంచీ తెలిసినవే.

శనివారం సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి గోడవార సైకిలు లేదు. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తకుండానే, "నాయన గుడికి తోల్కపోయిండు. దేవునికిచ్చిండు. ఏం మాట్లాడకు" అంది. తొక్కడం రాని మనిషి, వంపు హ్యాండిలు పట్టుకుని, దాని మీదే బరువు ఆనించి కుంటుకుంటూ తోసుకుపోయాడట. సందులో అందరూ చూశారు. ఆయన తిరిగి వచ్చాక నేను అరిచాను. నా సైకిలు అన్నాను, రెండేళ్ళ నా కష్టం అన్నాను, కాలు కుంటి అయినంత మాత్రాన అందర్నీ కుంటివాళ్ళను చేస్తావా అన్నాను. అవును, అన్నాను. నాన్న బూటు లేసు విప్పుకుంటూ ఉన్నవాడు ఆగి, "రేపు గుడికి రా. గాడ మాట్లాడుకుందం" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

"మీవాళ్ళు పాట పెడ్తరు గద. పోయి పాడి తెచ్చుకో" అన్నాడు రహమత్ ఉస్తాద్, పొద్దున్నే ఏడుపు మొహంతో వెళ్ళిన నాతో.

"నాది నేను పాడి తెచ్చుకోవాల్నా?"

ఆయన కిరాయి సైకిలు ఒకటి బయటకు తీసి గాలి కొట్టి ఇచ్చాడు. మడ్‌గార్డు మీద తెల్ల రంగుతో పదిహేడు అని అంకె, ముందు గంట, వెనక క్యారియర్. బషీర్‌బాగ్‌లో నన్ను చూసి అందరూ నవ్వారు, పాలకు వచ్చావా అన్నారొకరు. బయల్దేరాం. నిలబడి తొక్కాను, ఛాతీ పగిలేలా తొక్కాను. ఖైరతాబాద్ రైలు గేటు దాకా ఎలాగో వాళ్ళ వీపులు కనబడ్డాయి. వాళ్ళు దాటారు, గేటు పడింది. గూడ్సు బండి. అది ఎంతసేపు పోయిందో చెప్పలేను. గేటు లేచేసరికి అవతల రోడ్డు మీద ఎవరూ లేరు. అప్పుడైనా వెనక్కి తిరిగితే గుడి ఎంతో దూరం కాదు, ఆరాధన ఇంకా మొదలై ఉండదు. నేను టాంక్‌బండ్ మీదికి పోయి గట్టు మీద కూర్చున్నాను. నాన్న గుడిలో తలెత్తి తలుపు వైపు చూసి సిగ్గుపడాలి అనుకుంటూ, ఎండ నెత్తికెక్కేదాకా కూర్చున్నాను. ఆకలేసింది, అయినా లేవలేదు. అంత మంకు ఇప్పటికీ నాలో ఉంది.

సైకిలు మా సంఘంవాడు కూడా కాని ఒక పాల వ్యాపారికి పోయింది. దారిన పోతూ వేలం వినబడి లోపలికి వచ్చాడట. రెండు నెలల తరవాత హిమాయత్‌నగర్‌లో దాన్ని చూశాను. వంపు హ్యాండిలును పైకి తిప్పేశాడు, వెనక ఇనుప క్యారియర్ బిగించి రెండు వైపులా పాల క్యాన్లు వేలాడదీశాడు. నా సన్నటి రిములు ఆ బరువుకు అప్పటికే వంకరపోయాయి. ఆ పూట ఇంటికి వెళ్ళి అన్నం తినలేదు, ఎందుకని నాన్న అడగలేదు. మేమిద్దరం ఆ సైకిలు మాట మళ్ళీ ఎత్తలేదు. ఉద్యోగం వచ్చి స్కూటరు కొన్నాక వెనక కూర్చోమన్నాను. "నడక అలవాటైంది" అన్నాడు. ఆయన పోయేనాటికి నేను వరంగల్‌లో ఉన్నాను. ఏడవలేదు. శవపెట్టెలో ఆయనకు తొడిగిన చొక్కా ఎవరో కొత్తది తెచ్చారు, దానికి సిరా వాసన లేదు. ఆ తరవాత జీవితంలో ఏ కాస్త వీలు దొరికినా సైకిలు కొన్నాను, మార్చాను, ఇంకా మంచిది కొన్నాను. ఒక్కొక్కటీ కొన్న రోజున మనసులో ఒకటే మాట, చూసినవా నాయనా అని. నా సైకిళ్ళన్నీ ఒక కుంటి మనిషి మీద పంతంతో కొన్నవే. దాన్నే అందరూ నాకున్న ఆసక్తి అంటారు.

కిందటి నెల మంచం మీద జీవరత్నం చిన్నాయన క్యారియర్ మాట అన్నాక, ఆ వేలం గురించి చెప్పాడు. నాకు తెలిసే ఉంటుందనుకున్నాడు పాపం.

"మీ నాయన పొద్దుగాల్నే వచ్చి నా చెయ్యి పట్టుకున్నడు. పెద్దలందరికీ ముందే చెప్పి పెట్టిండు, సైకిలు మీద ఎవ్వరు ఎక్కువ పాడొద్దు, ఆఖరి పాట నాదే అని. నా కొడుకు కోపంల ఉన్నడు, గుడికైతే వస్తడు, వాడు నిలబడంగ పాడి వాని చేతుల పెడ్త అన్నడు. వాడొచ్చేదాక మూడోసారి అనకు జీవరత్నం అన్నడు. అన్నీ పాడినం. కోళ్ళు గూడ అయిపోయినయి. సైకిలొక్కటే మిగిలింది. పాలాయన పాడి నిలబడ్డడు. నేను ఒకటోసారి అన్న, రెండోసారి అన్న. ఇగ ఆగిన. ఆడోళ్ళు పిల్లలకు ఆకలైతుందంటున్రు. అయ్యగారు దగ్గుతున్నరు. మీ నాయన గేటు కాడికి పోయి సడక్ దిక్కు చూస్తడు, మళ్ళ వస్తడు, మళ్ళ పోతడు. ఆ కాలేసుకొని ఎన్నిసార్లు తిరిగిండో."

"మరి ఆయనే పాడి తీస్కోవచ్చు గద, చిన్నాయనా?"

"నేను గూడ గదే అన్న. మీ నాయన, వాడు రాలే గద, వానికి అక్కర లేదేమో, మూడోసారి అనెయ్యి అన్నడు. అన్న."

ఇది విని నేను కరిగిపోయానని రాస్తే చదివేవాళ్ళకు హాయిగా ఉంటుంది. నాకైతే కోపమే వచ్చింది, ఇంకా తగ్గలేదు. రేసు పొద్దున కదా, గుడి అయ్యాక సైకిలు చేతిలో పెడితే బొంబాయి ఎక్కడినుంచి వస్తుంది? నా రేసు ఆయన లెక్కలోనే లేదు. పోనీ, ఆ శనివారం సాయంత్రం బూటు లేసు విప్పుకుంటూ ఇంకొక్క ముక్క ఎందుకు చెప్పలేదు? ఊళ్ళో బోర్డులన్నీ దిద్దిన మనిషి, ఇంట్లో ఆ ఒక్క మాట పూర్తి చేయలేకపోయాడా? ఇలా రోజూ ఆయనతో పోట్లాడుతున్నాను. పోట్లాట మధ్యలో ఆయన లేచి గేటు దాకా నడిచి వెళ్ళి రోడ్డు వైపు చూస్తాడు. ఇన్నేళ్ళూ ఆయన నా సైకిలు తీసేశాడనే ఒక్క కోపం మీద నిలబడి బతికాను, ఇప్పుడు దాంట్లోనూ సగం తప్పు నాదే అని తేలింది.

నిన్న సైకిలును గోడ మీంచి దించి హిమాయత్‌నగర్ షాపుకు తీసుకుపోయాను. అక్కడ బండ్లు బిగించేది ఒక అమ్మాయి, పాతికేళ్ళు ఉంటాయి, చేతినిండా గ్రీజు. చక్రం తిప్పినప్పుడు రహమత్ ఉస్తాద్ లాగే చెవి పెట్టి వింటుంది, అందుకే నేను వేరే ఎవరికీ నా బండి ఇవ్వను. ఈసారి ఏం మారుద్దాం అంకుల్ అంది. క్యారియర్ పెట్టమన్నాను. నేను తమాషా చేస్తున్నాననుకుని నవ్వింది, నా మొహం చూసి ఆపేసింది. బండిని స్టాండుకు ఎక్కించి, వెనక ఫ్రేము మీద వేలితో తడిమి చూపించింది.

"గీడ చూడున్రి. క్యారియర్ బిగించేటందుకు దీనికి జాగానే ఉండదు. కార్బన్ గద, మనిషి బరువు పడితే పగులుతది. ఈ బండ్లు ఒక్కరి కోసమే చేస్తరు అంకుల్." చేతి గ్రీజు తుడుచుకుంటూ అడిగింది. "ఎవర్ని కూసోబెడ్తరు?"

"ఎవరూ లేరమ్మా" అన్నాను.

ఆమె టైర్లలో గాలి చూసి, బండి దించి నా చేతికిచ్చింది.